సైట్ సింపుల్ చేయమన్నారు, సగం పని ప్రోగ్రాంలో తేలింది: ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ కేస్ స్టడీ

ఈ కేస్ రాసుకోవడానికి ప్రాజెక్ట్ వాళ్ళు ఒప్పుకున్నారు, పేరు మాత్రం రాయొద్దన్నారు, కాబట్టి గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశా, ఒకటి రెండు చోట్ల కొంచెం మార్చా కూడా. నేను చేసేది డాక్యుమెంటేషన్, యూజబిలిటీ టెస్టింగ్. ఇలాంటి సైట్లు చాలానే చూశా గానీ దీని గురించి రాయాలనిపించింది ఎందుకంటే, సైట్ సింపుల్ చేయమని పిలిస్తే వెళ్ళి చివరికి ప్రోగ్రాంలో మార్పులు చేయించాల్సి వచ్చింది, ఆ సంగతి మొదట్లోనే తట్టి ఉంటే కనీసం రెండు నెలలు కలిసొచ్చేవి.

నేపథ్యం

పట్టికల్లో ఉండే డేటాని, అంటే సీఎస్‌వీ ఫైళ్ళు, స్ప్రెడ్‌షీట్లు లాంటివాటిని, శుభ్రం చేసి ఒకదానితో ఒకటి కలిపే టూల్ అది. పదేళ్ళు దాటిన ప్రాజెక్ట్. మూడు రూపాల్లో దొరుకుతుంది, మామూలుగా విండోలో తెరుచుకునే డెస్క్‌టాప్ యాప్, టెర్మినల్‌లో నడిచే కమాండ్, ప్రోగ్రామర్లు తమ కోడ్‌లో వాడుకునే లైబ్రరీ. మొదట లైబ్రరీ పుట్టింది, తర్వాత కమాండ్, చివర్లో యాప్, సైట్ కూడా సరిగ్గా అదే వరసలో పెరిగింది. ముందు ఒక వికీ, దాని మీద స్ఫింక్స్ అనే డాక్యుమెంటేషన్ టూల్‌తో తయారైన పేజీలు, దాని పైన ఒక హోమ్ పేజీ. ఎవరూ ఏదీ తీసేయలేదు, ఎప్పుడు ఏది అవసరమైతే అది పక్కన తగిలించుకుంటూ వచ్చారు. పనిచేసేవాళ్ళంతా ఖాళీ టైంలో చేసేవాళ్ళే కాబట్టి ఇందులో తప్పు పట్టడానికేం లేదు.

హోమ్ పేజీలో పెద్ద అక్షరాలతో ‘మాడ్యులర్, ఎక్స్‌టెన్సిబుల్ డేటా ట్రాన్స్‌ఫర్మేషన్ ఫ్రేమ్‌వర్క్’ అని ఉండేది, దాని కింద ఎర్ర డబ్బాలో ఒక హెచ్చరిక, దాని కింద తాజా రిలీజ్ నోట్. పైన మెనూలో పదకొండు ఐటమ్స్. డౌన్‌లోడ్ పేజీలో పద్నాలుగు ఫైళ్ళు.

వాళ్ళు చెప్పిన సమస్య

వాళ్ళు చెప్పింది ఇది: సపోర్ట్‌కి ఒకే రకం ప్రశ్నలు పదేపదే వస్తున్నాయి, జవాబులిచ్చేది ముగ్గురే, అలిసిపోతున్నారు, సైట్ పాతగా కనబడుతోంది కాబట్టి కొత్తవాళ్ళకి నమ్మకం కలగట్లేదేమో, డిజైన్ మార్చి సింపుల్ చేసిపెట్టండి అని.

డిజైన్ జోలికి వెంటనే వెళ్ళలేదు నేను. సైట్ పాతగా ఉందనేది వాళ్ళ ఊహ, సపోర్ట్‌కి వచ్చిన ప్రశ్నలు మాత్రం ఆధారం, అందుకని ముందు మూడు నెలల ప్రశ్నలు తీసుకుని ఒక్కోటీ చదివి చేత్తోనే గుంపులు చేశా. రంగుల గురించి, లుక్ గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. ఎక్కువ భాగం మూడే మూడు గుంపుల్లో పడ్డాయి: ఏ ఫైల్ డౌన్‌లోడ్ చేయాలి, డౌన్‌లోడ్ చేశాను గానీ తెరుచుకోవట్లేదు, తెరుచుకుంది గానీ ఇప్పుడేం చేయాలి. ఇంకో చిన్న గుంపు ఉంది, సంఖ్యలో తక్కువే గానీ చదువుతుంటే మనసు చివుక్కుమనేది, ‘నా అసలు ఫైల్ పోయింది, వెనక్కి తెచ్చుకోవచ్చా’ అని అడిగినవాళ్ళు.

అయితే సపోర్ట్‌కి రాసేవాళ్ళు కాస్త ఓపిక ఉన్నవాళ్ళు, అడక్కుండానే ట్యాబ్ మూసేసి వెళ్ళిపోయినవాళ్ళ గురించి ఆ ప్రశ్నలు ఏమీ చెప్పవు. వాళ్ళని చూడాలంటే పక్కన కూర్చుని చూడాల్సిందే. అందుకే ఈ టూల్ పేరు కూడా వినని ఐదుగురిని పిలిచా, రోజూ పట్టికలతో పని చేసేవాళ్ళనే. ఐదుగురేనా అని ప్రధాన మెయింటైనర్ గారు, అంటే ప్రాజెక్ట్‌ని ముందుండి చూసుకునే ఆయన, అడిగారు, న్యాయమైన ప్రశ్నే. యూజబిలిటీ పరిశోధకులు జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో వేసిన లెక్క ప్రకారం ఒక్కో మనిషి దగ్గర సగటున 31 శాతం సమస్యలు బయటపడతాయి, ఐదుగురు అయ్యేసరికి 85 శాతం దాకా వస్తాయి, ఆ తర్వాత చూసినవే మళ్ళీ కనబడుతుంటాయి. ఆ సగటు అన్ని సైట్లకీ అచ్చంగా అలాగే వర్తించదు, కాకపోతే పదిహేను మందిని ఒకేసారి చూడటం కంటే ఐదుగురిని చూసి, సరిచేసి, మళ్ళీ కొత్తగా ఇంకో ఐదుగురిని చూడటం మేలు అనే మాట మాత్రం నా అనుభవంలో ఎప్పుడూ నిలబడింది.

వాళ్ళకి ఇచ్చిన పని ఎలా చెప్పాలా అని చాలా ఆలోచించా. ‘డౌన్‌లోడ్ చేసి చూడండి’ అంటే ఆ పదం కోసమే వెతుకుతారు, అది సాయం చేసినట్టే అవుతుంది. అందుకని ‘మీ దగ్గర రెండు పట్టికలున్నాయి, పేర్లు కొన్ని తప్పుగా ఉన్నాయి, రెండూ కలపాలి, ఈ సైట్ మీకు పనికొస్తుందో లేదో చూసి చెప్పండి’ అన్నా, అంతే. మనసులో అనుకుంటున్నది పైకి చెప్తూ చేయమన్నా, నేను నోరు తెరవలేదు.

ఒకామె హోమ్ పేజీ చదివి ‘ఫ్రేమ్‌వర్క్ అంటే ప్రోగ్రామర్లదేమో’ అని అనుమానంగానే ‘గెట్ స్టార్టెడ్’ నొక్కింది. ఆ పేజీ ప్రాజెక్ట్‌కి కోడ్ రాయాలనుకునేవాళ్ళ కోసం పెట్టింది, రిపాజిటరీ క్లోన్ చేసుకోండి, కంపైలర్ ఈ వెర్షన్ ఉండాలి, బిల్డ్ ఇలా చేయండి అని మొదలవుతుంది. పదిహేను సెకన్లు చూసి ‘ఇది నాకు కాదు’ అని ఆపేసింది. నిజానికి ఆమె పనికి ఆ డెస్క్‌టాప్ యాప్ అచ్చంగా సరిపోయేది. ఇంకొకాయన రిలీజుల పేజీకి వెళ్ళి ‘సోర్స్ కోడ్ జిప్’ దించుకున్నాడు, అందులో ఉండేది ప్రోగ్రామర్లు రాసిన కోడే, నడిచే ప్రోగ్రాం కాదు, కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ ప్రతి రిలీజ్‌కీ దాన్ని దానంతటదే తగిలిస్తుంది, ఆయనకి పేరు చూడగానే అర్థమైంది ‘జిప్’ అన్న ముక్క ఒక్కటే, విప్పి లోపల డబుల్ క్లిక్ చేయడానికి ఏముందా అని ఫోల్డర్లన్నీ వెతికాడు. మూడో ఆవిడ సైట్ మెనూ నమ్మకుండా సెర్చ్ ఇంజిన్‌లోకి వెళ్ళింది, అక్కడ పైన వచ్చింది ఎన్నో ఏళ్ళ కిందటి వెర్షన్ డాక్యుమెంటేషన్, అందులో చెప్పిన కమాండ్ ఇప్పుడు లేనే లేదు. నాలుగో ఆయన సరైన ఇన్‌స్టాలర్‌నే పట్టుకున్నాడు గానీ విండోస్ నీలం తెర చూపించి మీ కంప్యూటర్‌ని కాపాడాం అనగానే భయపడి డిలీట్ చేశాడు. ఐదో ఆవిడ ఒక్కతే యాప్ దాకా వెళ్ళింది, ఖాళీ విండో చూసి ‘ఇప్పుడు?’ అని ఆగిపోయింది.

ఈ రికార్డింగులు మెయింటైనర్లతో కలిసి చూశాం. సోర్స్ జిప్ దగ్గర ఒకాయన ‘సోర్స్ అని రాసే ఉంది కదండీ’ అన్నారు. రాసే ఉంది, నిజమే. అప్పుడు నేను 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ చేసిన ప్రయోగం చెప్పా. తెలిసిన పాటని బల్ల మీద వేళ్ళతో తట్టాలి, ఎదుటివాళ్ళు ఏ పాటో కనుక్కోవాలి. తట్టేవాళ్ళు సగం కనుక్కుంటారులే అనుకున్నారు, 120 పాటల్లో కనుక్కున్నవి 3. తట్టేవాళ్ళకి బుర్రలో పాట మొత్తం వినబడుతూ ఉంటుంది, ఎదుటివాళ్ళకి చేరేది టకటక మాత్రమే. పదేళ్ళుగా ఈ కోడ్‌తో ఉన్నవాళ్ళకి సోర్స్ అనే పదంలో పాట వినబడుతుంది. దీన్ని తప్పుగా తీసుకోవద్దు అన్నా, వాళ్ళూ తీసుకోలేదు, ఆ రోజు తర్వాత మా మాటల్లో చాలా తేడా వచ్చింది.

మొదటి ప్రయత్నం

ముందు తేలిగ్గా అయ్యేవి చేద్దాం అనుకున్నాం. హోమ్ పేజీ మీద వాక్యం మార్చి ‘గజిబిజిగా ఉన్న పట్టికల్ని శుభ్రం చేసి కలపడానికి ఉచిత ప్రోగ్రాం’ అని రాశాం. దాని కింద ఒకటే పెద్ద బటన్, వచ్చినవాళ్ళ ఆపరేటింగ్ సిస్టం ఏదో బ్రౌజర్‌ని బట్టి కనిపెట్టి సరైన ఫైల్ ఇస్తుంది. పద్నాలుగు ఫైళ్ళ సమస్య తీరిపోయిందనే అనుకున్నా.

వాక్యం బాగా పనిచేసింది. బటన్ చేయలేదు. యాపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌లలో కూడా బ్రౌజర్ తన గురించి సైట్‌కి పంపే యూజర్ ఏజెంట్ అనే లైన్‌లో ‘ఇంటెల్ మ్యాక్’ అనే ఉంటుంది, పాత సైట్లు పాడవకూడదని అలా ఉంచేశారు. క్రోమ్‌లోనైతే క్లయింట్ హింట్స్ అనే ఇంకో పద్ధతి ద్వారా చిప్ ఏదో అడిగి తెలుసుకోవచ్చు, సఫారీ, ఫైర్‌ఫాక్స్‌లలో ఆ దారి లేదు. దాంతో కొత్త మ్యాక్ వాళ్ళకి ఇంటెల్ ఫైల్ వెళ్ళింది, ఇంటెల్ ప్రోగ్రాంలని కొత్త చిప్ మీద నడిపించే రొసెట్టా అనే యాపిల్ ఏర్పాటుతో అది తెరుచుకుంటుంది కాబట్టి బాగానే ఉన్నట్టు కనబడుతుంది, తీరా ప్లగిన్, అంటే యాప్‌కి అదనంగా తగిలించుకునే ముక్క, పెట్టబోతే లోడ్ అవదు, ఎందుకంటే ప్లగిన్ కొత్త చిప్‌కి కంపైల్ చేసింది. అంటే మేం తప్పుని తీసేయలేదు, రెండు గంటలు ముందుకి జరిపాం, కనిపెట్టడం ఇంకా కష్టం చేశాం. పైగా ఫోన్‌లో సైట్ చూసేవాళ్ళకి బటన్ ఖాళీగా వచ్చింది, ఎందుకంటే ఫోన్ వెర్షనే లేదు. ఎవరో చెప్పిన టూల్‌ని ముందు ఫోన్‌లో చూసి తర్వాత కంప్యూటర్ దగ్గర దించుకునేవాళ్ళు ఎంతోమంది ఉంటారని నాకు తట్టకపోవడం నా పొరపాటే.

తాత్కాలికంగా, ఖచ్చితంగా తెలియనప్పుడు ఊహించొద్దు, అడుగుదాం అని నిర్ణయించాం. మ్యాక్ వాళ్ళకి రెండు బటన్లు పెట్టి, ‘ఎబౌట్ దిస్ మ్యాక్’ తెరిచి చూడండి, ‘చిప్’ అని ఉంటే ఇది, ‘ప్రాసెసర్’ అని ఉంటే అది అని ఒక లైన్ రాశాం.

రెండో ప్రయత్నం, ఎక్కువ నష్టం జరిగింది ఇక్కడే

తర్వాత మెనూ పదకొండు నుంచి నాలుగుకి తగ్గించాం, వికీ మూసేశాం, పాత వెర్షన్ల డాక్యుమెంటేషన్ మొత్తం సర్వర్ నుంచి తీసేశాం, డౌన్‌లోడ్ పేజీలో సోర్స్ ఫైలూ, అది అసలైనదేనా అని చూసుకోవడానికి ఇచ్చే సంతకం ఫైలూ వేరే చోటికి మార్చాం. నా లాజిక్ ఏంటంటే, కొత్తవాళ్ళు తప్పిపోయేది ఈ పాత పేజీల్లోనే, అవి లేకపోతే తప్పిపోరు అని.

వారం తిరక్కుండానే పాతవాళ్ళ నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. కొందరి ఆఫీసుల్లో పాత వెర్షనే వాడాలి, అప్‌గ్రేడ్ చేసే అధికారం వాళ్ళ చేతుల్లో లేదు, వాళ్ళ మాన్యువల్‌ని మేం చెప్పాపెట్టకుండా లాగేసుకున్నాం. ఇంకొకటి నేను అస్సలు ఊహించనిది, లినక్స్ డిస్ట్రిబ్యూషన్లలో, అంటే లినక్స్‌ని ప్రోగ్రాంలతో కలిపి అందించే వాటిల్లో, ఈ టూల్‌ని ప్యాకేజ్ చేసేవాళ్ళది. డెబియన్ అలాంటిదే ఒకటి, అందులో ప్యాకేజీతో పాటు ‘వాచ్’ అనే ఫైల్ ఉంటుంది, యూస్కాన్ అనే ప్రోగ్రాం దాన్ని చదివి అసలు ప్రాజెక్ట్ పేజీకి వెళ్ళి కొత్త వెర్షన్ వచ్చిందా అని చూస్తుంది. మేం ఆ పేజీ మార్చేసరికి అది గుడ్డిదైపోయింది. సైట్‌ని మనుషులే చదువుతారనుకుని డిజైన్ చేశా, ఏళ్ళ తరబడి అదే అడ్రస్‌కి వచ్చి చదివి వెళ్ళే స్క్రిప్టులు కూడా పాఠకులే అని ఆలోచించలేదు. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బర్నర్స్-లీ 1998లోనే మంచి యూఆర్‌ఐలు, అంటే వెబ్ అడ్రస్‌లు, మారవు అని రాశారు, అది నాకు తెలిసిన మాటే, అయినా చేశా.

రెండు రోజుల్లో అన్నీ వెనక్కి పెట్టేశాం. సర్వర్ లాగ్‌లో 404లు, అంటే పేజీ లేదు అనే జవాబులు, ఏ అడ్రస్‌ల మీద పడుతున్నాయో జాబితా తీసి, మారక తప్పని వాటికి కొత్త అడ్రస్‌కి పంపే 301 రీడైరెక్ట్ పెట్టాం, సోర్స్ ఫైళ్ళ అడ్రస్‌లు మాత్రం ముట్టుకోకూడదని తీర్మానం చేసుకున్నాం. కొత్తవాళ్ళు పాత డాక్స్‌లోకి పడిపోవడాన్ని ఆపడానికి తీసేయక్కర్లేదు కూడా, పాత పేజీలో ఇది పాత వెర్షన్ అని పైన పట్టీ, అసలు పేజీ కొత్తదేనని సెర్చ్ ఇంజిన్లకి సూచించే కెనానికల్ ట్యాగ్ పెడితే కొన్నాళ్ళకి సెర్చ్‌లో కొత్తదే పైకొచ్చింది. ఆ ట్యాగ్ 2009 నుంచీ ఉన్నదే.

ఎర్ర డబ్బా

ఇప్పుడు అసలు విషయం. హోమ్ పేజీలో ఆ ఎర్ర హెచ్చరిక ఉంది కదా, ‘సేవ్ చేస్తే అసలు ఫైల్ మీదే రాస్తుంది, ముందు కాపీ పెట్టుకోండి’ అని. కొత్తగా వచ్చినవాళ్ళకి ప్రోగ్రాం ఏంటో కూడా తెలియకముందే ఈ భయం ఎందుకు, తీసేద్దాం అన్నా. ప్రధాన మెయింటైనర్ గారు ఒప్పుకోలేదు. గట్టిగానే అన్నారు, ‘మీరు సింపుల్ అంటున్నారు, దాని వల్ల ఎవరి డేటా అయినా పోతే జవాబు చెప్పాల్సింది నేను’ అని. మార్పంటే ఇష్టం లేక అలా అంటున్నారేమో అని మొదట అనుకున్నా, తర్వాత ‘నా ఫైల్ పోయింది’ అన్న గుంపు గుర్తొచ్చింది, ఆ ఉత్తరాలన్నిటికీ జవాబు రాసింది ఆయనే. ఆయన వైపు న్యాయం ఉంది.

అప్పుడు ఇద్దరం కూర్చుని అడిగిన ప్రశ్న ఒకటే, అసలు ఫైల్ మీదే రాయాల్సిన అవసరం ప్రోగ్రాంకి ఏముంది? జవాబు వెతికితే తేలింది, టెర్మినల్ కమాండ్‌గా ఉన్న రోజుల్లో డిస్క్ ఆదా చేద్దామని అలా పెట్టారు, యాప్ వచ్చినప్పుడు ఆ అలవాటు అలాగే వచ్చేసింది. యాప్‌లో డిఫాల్ట్ మార్చి కొత్త ఫైల్‌గా సేవ్ అయ్యేలా చేశారు, కమాండ్‌లో మాత్రం వేరేవాళ్ళ స్క్రిప్టులు దాని మీద ఆధారపడి ఉంటాయి కాబట్టి ముట్టుకోలేదు. ఆ రిలీజ్ వచ్చిన రోజు ఎర్ర డబ్బాని ఆయనే తీసేశారు.

అక్కడి నుంచి నేను పని చేసే తీరు మారింది. సైట్‌లో ఉన్న ప్రతి హెచ్చరికనీ, ప్రతి ‘గమనిక’నీ, ప్రతి ‘ఒకవేళ ఇలా వస్తే అలా చేయండి’నీ ఒక షీట్‌లో ఎక్కించి, ఒక్కోదాని ఎదురుగా ఇది ఎందుకు రాయాల్సి వచ్చింది అని రాశా. చాలా వాటికి కారణం ప్రోగ్రాంలోనో, ప్యాకేజింగ్‌లోనో ఉంది. చిప్ ఏదో చూసుకోండి అన్న లైన్ పోవాలంటే రెండు చిప్‌లకీ నడిచే యూనివర్సల్ బిల్డ్ కావాలి, చేశారు, ఫైల్ సైజు పెరిగింది, ఫర్వాలేదనుకున్నారు. విండోస్ నీలం తెర పోవాలంటే ఇన్‌స్టాలర్‌కి డిజిటల్ సంతకం కావాలి, దానికి టైం పట్టింది, అప్పటిదాకా ఆ తెర ఫోటో పెట్టి, ఇది ఎందుకు వస్తుందో, ఫైల్ నిజంగా మాదేనని ఎస్‌హెచ్‌ఏ-256 అనే, ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్‌తో ఎలా చూసుకోవాలో, తర్వాత ఏం నొక్కాలో రాశాం. ఇది ఒక్కటి మాత్రం సైట్‌లో రాయడం వల్ల పెద్దగా తగ్గలేదు, సంతకం వచ్చాక, అదీ కొన్నాళ్ళకి గానీ ఆ ప్రశ్నలు ఆగలేదు.

సైట్‌లో నిలిచినవి

దారులు విడగొట్టేటప్పుడు ‘యూజర్’, ‘డెవలపర్’ అని రెండు తలుపులు పెడదామని అందరూ అన్నారు, చాలా ప్రాజెక్టులు అలాగే చేస్తాయి. కాగితం మీద గీసి చూపిస్తే, చిన్నచిన్న స్క్రిప్టులు రాసుకునే ఒకాయన ‘నేను ఏంటి మరి?’ అని ఆగిపోయాడు. మీరెవరు అని అడిగితే మనిషి తన గురించి ఆలోచించుకోవాలి, మీకేం కావాలి అని అడిగితే జవాబు నాలుక మీదే ఉంటుంది. అందుకని మూడు పనులు పెట్టాం: పట్టికలు శుభ్రం చేసుకోవాలి, నా స్క్రిప్ట్‌లో వాడుకోవాలి, ఈ ప్రాజెక్ట్‌కి సాయం చేయాలి. ‘గెట్ స్టార్టెడ్’ పేజీ మూడో దాని కిందకి వెళ్ళింది, అక్కడే ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ లేబుల్ ఉన్న, అంటే కొత్తవాళ్ళు మొదలుపెట్టడానికి తగిన, పనుల లింక్ కూడా.

రెండోది ట్యుటోరియల్. డానియేలే ప్రొచీదా చెప్పిన డయాటాక్సిస్ పద్ధతిలో డాక్యుమెంటేషన్ నాలుగు రకాలు, నేర్పేది, ఒక పని ఎలా చేయాలో చెప్పేది, రిఫరెన్స్, వివరణ. ఈ సైట్‌లో నాలుగూ ఒకే పేజీలో కలిసిపోయి ఉండేవి. నేర్పే పేజీలో నేను పెట్టిన కట్టుబాటు ఒకటే, ‘లేదా’ అనే మాట ఉండకూడదు. దీని మీద చాలా వాదన జరిగింది, ఎందుకంటే తెలిసినవాళ్ళకి ఇంకో పద్ధతి ఉందని తెలిసీ చెప్పకపోవడం అబద్ధం ఆడినట్టు అనిపిస్తుంది, ఆ బాధ నిజమైనదే. కానీ ఇంకా ఒక్కసారి కూడా చేసి చూడనివాళ్ళకి రెండు దారులు చూపిస్తే ఏది మంచిదో తేల్చుకునే పని కూడా వాళ్ళ నెత్తినే పడుతుంది. ఆ ‘లేదా’లన్నీ రెండో రకం పేజీల్లోకి వెళ్ళాయి, ఒక్కటీ పారేయలేదు. నమూనా ఫైళ్ళు మేమే ఇచ్చాం, పది నిమిషాల్లో కలిసిన పట్టిక కళ్ళముందు కనబడేలా.

ఇవి మళ్ళీ పాడవకుండా చూసేది ఎవరు అనే దాని మీద కూడా ఒక మాట అనుకున్నాం. రిలీజ్ చెక్‌లిస్ట్‌లో, ఏమీ ఇన్‌స్టాల్ చేయని వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల కంప్యూటర్‌లా నడిచేదాంట్లో, ట్యుటోరియల్ మొదటి నుంచి చివరిదాకా చేసి చూడటం ఒక ఐటమ్ అయింది, చెడిన లింకుల్ని స్ఫింక్స్‌లో ఉన్న లింక్‌చెక్ ప్రతి మార్పుకీ పట్టుకుంటుంది.

రెండో విడత

ఇంకో ఐదుగురిని కూర్చోబెట్టాం, అదే పని, అవే మాటలు. నలుగురు సాయం లేకుండా చివరిదాకా వెళ్ళారు. ఐదో ఆవిడ ట్యుటోరియల్‌లో చెప్పినట్టే నమూనా ఫైల్ దించుకుని దాని మీద డబుల్ క్లిక్ చేసింది, సీఎస్‌వీ కాబట్టి స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకుంది, ఇదే ఆ ప్రోగ్రాం అనుకుని మెనూలో లేని బటన్ కోసం చాలాసేపు వెతికింది. నేను నోట్స్‌లో ‘డబుల్ క్లిక్ చేయవద్దు అని ట్యుటోరియల్‌లో గమనిక పెట్టాలి’ అని రాసుకుంటున్నా, పక్కనే ఉన్న ప్రధాన మెయింటైనర్ గారు ఆ లైన్ చూసి ‘ఇది కూడా ఆ షీట్‌లోకే వెళ్తుంది కదండీ’ అన్నారు. తర్వాతి రిలీజ్‌లో యాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఖాళీ విండో బదులు ‘నమూనా పట్టికలు తెరవండి’ అనే బటన్ వచ్చింది, ఫైళ్ళు యాప్‌తోనే వస్తాయి, ట్యుటోరియల్‌లో మొదటి మూడు స్టెప్పులు తీసేశాం.